ముందు కింది గడి చెక్కు

హనుమకొండ

చెల్లె,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివిన. మీ ఊరి సైనికుని వర్ధంతికి అచ్చు కావాలె, నెల రోజులే ఉన్నయని తొందరపడుతున్నవు. నెల రోజులు తక్కువేం కాదు. ముందుగాల ఒక లెక్క చెప్త. నీ వ్యాసంలో 'విదేశీ గడ్డ' ఏడుసార్లు ఉన్నది. ఆ దేశం పేరు ఒక్కసారి ఉన్నది. ఆయన ప్రాణం పోయిన పట్నం పేరు అసలే లేదు. 'భరతమాత ముద్దుబిడ్డ' నాలుగుసార్లు వచ్చింది గాని, ఆ ముద్దుబిడ్డ అక్కడ పొద్దున లేచి ఏం పని చేసేటోడో ఒక్క వాక్యం కూడా లేదు.

మన పాత ఊళ్లల్లో చెరువుకట్ట మీదనో గుడి ముందరనో వీరగల్లులు, అంటే కొట్లాటలో పోయిన వీరుల గుర్తుగ నిలిపిన చెక్కుడు రాళ్లు, చూసే ఉంటవు. చాలా వాటికి కింద మీద మూడు గడులు ఉంటయి. కింది గడిలో వీరుడు కొట్లాడుతుంటడు. చేతిలో కత్తో బల్లెమో, ఎదురుగ మనిషో గుర్రమో పులో, పక్కన దొంగలు తోలుకపోయే ఆవులో ఉంటయి. నడిమి గడిలో అప్సరసలు ఆయనను పైకి తీసుకపోతుంటరు. పై గడిలో శివలింగం, సూర్యచంద్రులు. పై రెండు గడులు ఏ రాయి మీద చూసినా దాదాపు ఒక్క తీరే. ఇది ఫలానావాని రాయి అని చెప్పేది కింది గడి ఒక్కటే. నీ వ్యాసం పై గడిలో మొదలై నడిమి గడిలో ఆగింది. కింది గడి ఉత్త రాయి. ఈ ఉత్తరం ఆ గడి గురించే.

ముందు ఎవరు చంపిన్రో తేల్చుకో. నువ్వు కర్నల్ సంతోష్‌బాబును, శ్రీలంకలో పోయినవాళ్లను, కాబూల్‌లో పోయినవాళ్లను ఒకే వరుసలో నిలబెట్టి అందరినీ 'ఉగ్రవాదుల చేతిలో' అన్నవు. సూర్యాపేట సంతోష్‌బాబు 2020 జూన్ 15న గల్వాన్‌లో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో చనిపోయిండు. అది ఉగ్రవాద దాడి కాదు, ఆయన విదేశీ డ్యూటీ మీద లేడు. కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా 1961 డిసెంబర్ 5న కాంగోలో ఐక్యరాజ్యసమితి తరఫున కొట్లాడుతూ చనిపోయిండు, ఎదురుగ ఉన్నది కటాంగా వేర్పాటు దళాలు. మేజర్ రామస్వామి పరమేశ్వరన్ 1987 నవంబర్ 25న శ్రీలంకలో ఎల్‌టీటీఈతో జరిగిన పోరులో పోయిండు. దక్షిణ సూడాన్‌లో 2013 ఏప్రిల్ 9న ఐరాస కాన్వాయ్‌కి కాపలాగా పోయిన మన సైనికులు ఐదుగురిని మాటువేసి చంపిన్రు, వాళ్లకు 'సాయుధ దుండగులు' అన్న మాటే సరిపోతది. 2008 జూలై 7న కాబూల్‌లో మన రాయబార కార్యాలయం గేటు దగ్గర కారు బాంబు పేలింది, అది మాత్రం నూటికి నూరుపాళ్లు ఉగ్రవాద దాడి. అందులో పోయిన మన వాళ్లల్లో బ్రిగేడియర్ రవి దత్ మెహతా సైనికుడు. కాపలా ఉన్న ఇద్దరు ఐటీబీపీ, అంటే సరిహద్దు పోలీసు దళం వాళ్లు. మన తెలుగాయన వి. వెంకటేశ్వరరావు దౌత్యవేత్త, ఆయనకు మరణానంతరం కీర్తిచక్ర ఇచ్చిన్రు. ఒకటే పేలుడులో మూడు రకాల కొలువులు.

మన దగ్గర ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలె. ముప్పై ఏండ్ల కిందటి పేపర్లు తిరగేస్తే 'తీవ్రవాదులు' అన్న మాట అడవిలో ఉన్న అన్నలకు వాడింది కనిపిస్తది. 'ఉగ్రవాదులు' వేరు, 'మిలిటెంట్లు' వేరు, 'తిరుగుబాటుదారులు' వేరు. మీ ఊరి పెద్దమనిషి చదివితే ఏ మాటకు ఏ మొఖం గుర్తుకొస్తదో చూసి రాయి. ఐక్యరాజ్యసమితి లెక్కల్లో అయితే దాడిలో పోయినవాళ్లను 'మలిషియస్ యాక్ట్' (కావాలని చేసిన హాని) కింద రాస్తరు. ప్రమాదం, జబ్బు అన్నవి వేరే గీతల్లో ఉంటయి. పతాక శీర్షికకు పనికిరాని ఎండుమాటే గాని, రోడ్డు ప్రమాదంలో పోయిన మనిషిని దాడిలో పోయినట్టు రాసే తప్పు నుంచి నిన్ను కాపాడుతది. ఆ తప్పు జరిగితే ఊర్లో నోరుమూసుకుంటరు, పక్క ఊర్లో నవ్వుతరు, ఇంట్లోవాళ్లు తలెత్తుకోలేరు.

ఇక 'అమరుడు'. ఈ మాట మన జిల్లాల్లో ఖాళీగా లేదు. 1946లో కడవెండిలో దొడ్డి కొమురయ్య నుంచి మొదలువెడితే సాయుధ పోరాటంలో పోయినవాళ్లు అమరులు. 1969 తెలంగాణ ఉద్యమంలో, ఆ తర్వాత మలి ఉద్యమంలో పోయిన పిల్లలు అమరులు. ఎర్ర స్థూపాల మీద పేర్లున్నవాళ్లు, వాళ్ల వాళ్లకు అమరులు. ఒకే ఊర్లో మూడు స్థూపాలు ఉండి, మూడు ఇండ్లల్లో మూడు తీర్ల ఏడుపు ఉండొచ్చు. నువ్వు 'అమరుడు' అని రాసి ఊరుకుంటే చదివేటోడు తనకు తెలిసిన స్థూపం దగ్గరికే పోతడు. పైగా మన రక్షణ శాఖ, హోం శాఖ తమ అధికారిక కాగితాల్లో 'షహీద్' అన్న మాట వాడవు. కాగితంలో ఉండేది 'బ్యాటిల్ క్యాజువాలిటీ' (పోరులో పోయినోడు) లాంటి ఎండుమాట. వాడొద్దని అనను. తల్లి అంటే వాడు, ఊరు అంటే వాడు, నీ నోటితో వ్యాసం మొత్తంలో ఒక్కసారికి మించి అనకు. మిగతా చోట్ల 'చనిపోయిండు' చాలు. ఆ మాట ఎక్కడా తేలిక కాదు.

ఆయన హోదా, దళం. నువ్వు 'జవాన్' అని రాసినవు. కాల్బలంలో అయితే సిపాయి, కొన్ని రెజిమెంట్లల్లో రైఫిల్‌మన్, గ్రెనేడియర్. ఫిరంగుల దళంలో గన్నర్, ఇంజనీర్ల దళంలో సాపర్, ట్యాంకుల దళంలో సవార్, సిగ్నల్స్‌లో సిగ్నల్‌మన్, మరమ్మతుల దళంలో క్రాఫ్ట్స్‌మన్. ట్యాంకుల దళంలో హవల్దార్ ఉండడు, దఫేదార్ ఉంటడు, సుబేదార్‌ను రిసాల్దార్ అంటరు. ఐటీబీపీ, బీఎస్ఎఫ్ అయితే కానిస్టేబుల్, హెడ్ కానిస్టేబుల్. అవి హోం శాఖ కింద ఉంటయి, సైన్యం కాదు. ఈ ముక్క పట్టించుకోక సిమెంటు విగ్రహానికి వేరే దళం టోపీ పెట్టిన ఊళ్లు ఉన్నయి. ఐరాస డ్యూటీలో పోయినాయన విగ్రహానికి లేతనీలం బెరే టోపీ ఉండాలె. ముదురాకుపచ్చ రంగు పూసి, పక్కన శిలాఫలకం మీద ఆవిష్కరించిన నాయకుని పేరు సైనికుని పేరు కన్నా లావు అక్షరాలతో చెక్కుతరు. అది రాయి చెక్కినాయన తప్పు కాదు. కాగితం మీద సరిగ్గ రాసిచ్చేటోడు లేకనే అట్ల అయితది. ఆ కాగితం నీ వ్యాసం కావచ్చు.

కాగితాల సంగతి. ఇంటికి పోయినప్పుడు నాలుగు వస్తువులు చూపించమను. పదో తరగతి మెమో, యూనిట్ నుంచి వచ్చిన సంతాప లేఖ, పతకాలు, పతకం ఎందుకిచ్చిన్రో రాసిన సైటేషన్ ఉంటే అది. మెమోలో పుట్టిన తేది, తల్లి చెప్పే తేది కలవకపోతే భయపడకు. మన దగ్గర బడిల సార్లు రాసుకున్న తేదీలే ఎక్కువ. వయసు మెమో ప్రకారం వెయ్యి. 'ఆ ఏడు చెరువు మత్తడి దుంకింది' అని తల్లి చెప్తే దాన్ని వేరే వాక్యంలో పెట్టు, రెంటినీ కలిపి కొత్త తేది తయారుచెయ్యకు. పేరు కూడా చూసుకో. ఊర్లో పిలిచే పేరు ఒకటి, మెమోలో ఇంటిపేరు ముందుంటది, సైన్యం రికార్డులో అది వెనకకు పోయి స్పెల్లింగ్ మారుతది. అయితే మన సైనిక పతకాల అంచు మీద నంబర్, హోదా, పేరు చెక్కి ఉంటయి. భూతద్దం పట్టుకొని చదువు, ఎట్ల ఉంటే అట్ల రాసుకో. ఐరాస పతకం మీద పేరు ఉండదు. ముందట ఐరాస గుర్తు, వెనక 'శాంతి సేవలో' అని ఇంగ్లిష్‌లో ఉంటది. ఏ మిషనో రిబ్బన్ రంగులు చెప్తయి, ఒక్కో మిషన్‌కు ఒక్కో రిబ్బన్. డ్యూటీలో పోయిన శాంతిసైనికుల ఇంటివాళ్లకు ఐరాస డాగ్ హామర్‌షోల్డ్ పతకం ఇస్తది, 1997లో పెట్టిన్రు. అది కోడిగుడ్డు ఆకారంలో ఉండే గాజు, పేరు, చనిపోయిన తేది దాని మీద చెక్కి ఉంటయి. 1961లో కాంగో పని మీద పోతూ విమాన ప్రమాదంలో పోయిన ఐరాస ప్రధాన కార్యదర్శి పేరు అది. ఇంట్లో ఈ గాజు ఉంటే, అది ఏ అరలో ఉన్నదో, దాని పక్కన ఏమున్నదో రాసుకో. మేడారంలో సమ్మక్కకు విగ్రహం లేదు, చిలుకలగుట్ట నుంచి తెచ్చే కుంకుమ భరిణెకే జనం అట్ల మొక్కుతరు. ఒక్క వస్తువు దగ్గర నిలబడితే చాలని మన జిల్లాకు ఎప్పుడో తెలుసు.

రికార్డులు వెతికేటప్పుడు జిల్లా పేరు దగ్గర చాలామంది దెబ్బతింటరు. 2014 జూన్ 2కు ముందటి కాగితంలో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అనే ఉంటది. 2016 అక్టోబర్ 11కు ముందటి దాంట్లో వరంగల్ అని ఉంటే ఆ ఊరు ఇప్పుడు జనగామలోనో మహబూబాబాద్‌లోనో భూపాలపల్లిలోనో ములుగులోనో ఉండొచ్చు. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. కరీంనగర్ అని ఉంటే జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల కూడా వెతుకు. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకాన్ని 2019 ఫిబ్రవరి 25న తెరిచిన్రు, అక్కడి త్యాగ చక్రం గోడల మీద ఒక్కో గ్రానైట్ ఇటుకకు ఒక్కో పేరు ఉంటది. పేర్ల జాబితా ఆన్‌లైన్‌లో దొరుకుతది. జిల్లాతో కాదు, రెజిమెంట్‌తో, తేదితో వెతుకు, తొందరగ దొరుకుతది.

సర్వీసు వివరాలు కావాలంటే దరఖాస్తు నువ్వు పెట్టకు, ఇంటివాళ్లతోనే పెట్టించు. సమాచార హక్కు దరఖాస్తుకు 10 రూపాయల ఫీజు, జవాబుకు 30 రోజుల గడువు. బయటి మనిషి అడిగితే వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపొచ్చు. మద్రాస్ రెజిమెంట్ రికార్డులు వెల్లింగ్టన్‌లో, ఫిరంగుల దళం (ఆర్టిలరీ)వి నాసిక్ రోడ్‌లో, మరమ్మతుల దళం (ఈఎంఈ)వి సికింద్రాబాద్‌లో ఉంటయి. నీ వర్ధంతి సంచికకు ఆ జవాబు అందకపోవచ్చు. ఉన్న కాగితాలతో రాయి, వచ్చింది వచ్చినంక సరిచెయ్యి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మాజీ సైనికులు కూర్చుంటరు. రెజిమెంట్ పేరు చెప్తే, అదే రెజిమెంట్‌లో చేసినాయన ఎవరున్నరో వాళ్లే చెప్తరు. ఆ మనిషి నీకు దొరికితే సగం పని అయినట్టే.

గడియారం కూడా చూసుకో. కాబూల్ గడియారం మనకన్నా సరిగ్గ ఒక గంట వెనక నడుస్తది. 2008 నాటి పేలుడే తీసుకో, అది అక్కడ పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో జరిగింది, ఇక్కడ అప్పటికి తొమ్మిదిన్నర. 'ఆ క్షణంలో తల్లి ఇంట్లో దీపం పెడుతున్నది, దీపం కొండెక్కింది' అని నువ్వు రాసిన వాక్యం చూడు. రెండు గడియారాలు కలిపి చూస్తే ఆమె ఆ టైంకు నాట్లకు పోయి ఉంటది. దీపం కొండెక్కుడు సినిమా పని, దాన్ని తీసెయ్యి.

ఆయన చివరి నిమిషంలో ఏమనుకున్నడో అరపేజీ రాసినవు. నీకెట్ల తెలుసు? ఆయన పక్కన ఉండి బతికి వచ్చినాయన ఏం చెప్పిండో అది రాయొచ్చు, చెప్పింది ఆయనని రాయాలె. కింది గడి ఎట్ల చెక్కుతరో చూడాలంటే మేజర్ లైశ్రామ్ జ్యోతిన్ సింగ్ సంగతి చదువు. మణిపూర్ మనిషి, ఆర్మీ డాక్టర్. కాబూల్‌లో మన వైద్య బృందంలో పనిచేస్తుండె. 2010 ఫిబ్రవరి 26న వాళ్లుంటున్న గెస్ట్ హౌస్ మీద దాడి జరిగింది. ఆయన దగ్గర ఆయుధం లేదు. ఒట్టి చేతులతో ఒక ఉగ్రవాదిని ఒడిసిపట్టి వదలలేదు, వాడు ఒంటికి కట్టుకున్న బాంబు పేల్చుకున్నడు. ఇద్దరూ పోయిన్రు, లోపలున్న ఎంతోమంది బతికిన్రు. 2011 రిపబ్లిక్ డేకు అశోకచక్ర ఇచ్చిన్రు. చూడు, ఈ ముక్కల్లో 'ధైర్యం' లేదు, 'సాహసం' లేదు. డాక్టర్, ఒట్టి చేతులు, వదలలేదు. అంతే ఉన్నది.

అందరి చావూ అట్ల ఉండదు. చాలామంది చేతిలో తుపాకీ లేపే టైం కూడా లేకుండా పోతరు. గేటు దగ్గర నిలబడి వాహనం ఆపుడు, కాన్వాయ్‌లో రెండో బండి నడుపుడు, జనరేటర్ చూసుకునుడు, వంట చేసుడు. అప్పుడు కొత్తగా రాసేటోళ్లు కంగారుపడి లేని కొట్లాట తెచ్చి పెడతరు. పెట్టొద్దు. గేటు దగ్గర నిలబడుడే పని అయితే ఆ గేటును రాయి. ఎన్ని గంటల డ్యూటీ, ఎండనా చలా, వచ్చే బండిని ఏ చెయ్యి చూపి ఆపుతరు, అద్దం పెట్టి బండి కింద ఎట్ల చూస్తరు. ఇది మాజీ సైనికుడు కూర్చొని చెప్తడు. అయితే ఇప్పటికీ నడుస్తున్న పోస్టు అయితే లోపలి లెక్కలు రాయకు. ఎన్ని బండ్లు, ఏ టైంకు మారుతరు, ఇంకా డ్యూటీలో ఉన్న తోటివాళ్ల పేర్లు, ఫోటోలో కనిపించే యూనిట్ బోర్డు, ఇవి బయటికి రావద్దు. పిల్లల బడి పేరు కూడా వద్దు.

ఇంటికి రెండుసార్లు పో. వర్ధంతి రోజు కాదు, ఆనాడు వాళ్లు అందరికీ చెప్పే మాటలే నీకూ చెప్తరు. కెమెరా ముందు పదిసార్లు చెప్పి అరిగిన మాటలు అవి. మొదటిసారి ఫోన్ బయటికి తియ్యకు, చాయ్ తాగి రా. రెండోసారి అడిగి రికార్డు చెయ్యి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టు, మనిషికి మూరెడు దూరంలో బట్ట మీద పెట్టు, కూలర్ బంద్ చేయించు. అవ్వల గొంతు చిన్నగుంటది, కూలర్ చప్పుడులో సగం పోతది. నోటుబుక్కులో ఎడమ పేజీకి కాగితం చెప్పింది, కుడి పేజీకి మనిషి చెప్పింది రాసుకో, పక్కన ఎవరు, ఏ రోజు అని వెయ్యి. భార్యతో విడిగా, తల్లిదండ్రులతో విడిగా మాట్లాడు. పరిహారం, పింఛన్ చీలిన ఇండ్లల్లో ఒకరి ముందు ఒకరు నోరిప్పరు. పైసల ముచ్చట నువ్వు ఎత్తకు. వాళ్లే ఎత్తితే విను, వ్యాసంలోకి తేకు. నువ్వు పంచాయితీ పెద్దమనిషివి కావు.

'అప్పుడు మీకెట్ల అనిపించింది' అని అడగకు. దానికి ఏడుపు తప్ప జవాబు లేదు. ఆఖరిసారి సెలవు మీద వచ్చి పోయేటప్పుడు బ్యాగులో ఏం పెట్టిన్రో అడుగు. సకినాలు అంటరనుకో. ఎవరు చుట్టిన్రు, ఎన్ని వరుసలవి, ఏ డబ్బాలో పెట్టిన్రు, విరగకుండ నడుమ ఏం వేసిన్రు. తొక్కు ఎందుకు పెట్టలేదంటే నూనె కారుతదని చెప్తరు. ఇట్ల నాలుగు ప్రశ్నలు అయ్యేసరికి ఆ తల్లి లేచి డబ్బా తెచ్చి చూపిస్తది. అప్పుడు ఆమె అనే మాటను మార్చకు. ఫోన్ పెట్టేముందు కొడుకుతో 'పైలం బిడ్డా' అనేదంటే 'పైలం' అనే రాయి, 'జాగ్రత్త నాయనా' అని దిద్దకు. అట్లనే ఆమె అనని యాసను నువ్వు తెచ్చి అతికించకు.

వాట్సాప్‌లో ఆయన గొంతు ఉంటే అది రెండు చోట్ల కాపీ చేయించు. రీచార్జ్ ఆగిన నంబర్ కొన్నాళ్లకు కంపెనీ వేరేవాళ్లకు ఇస్తది, పాత ఫోన్ ఏదో ఒకనాడు లేవదు, గొంతు అందులోనే పోతది. కాపీ ఇంటివాళ్ల దగ్గర పెట్టు, నీ దగ్గర వద్దు. విన్నదాన్ని రాయడానికి కూడా వాళ్లను అడుగు.

అంత్యక్రియల గురించి రాసిన పేరాలో మూడు తప్పులు ఉన్నయి. '21 తుపాకుల వందనం' కాదు. సైనికులు గాలిలోకి మూడుసార్లు కాలుస్తరు, తుపాకులు తలకిందులు చేసి నిలబడే శోక్ శస్త్ర ఉంటది, బ్యూగుల్ మీద లాస్ట్ పోస్ట్ ఊదుతరు. 'జెండాతో సహా చితికి చేరిండు' అన్నవు. జెండాను కాల్చరు, బొందలో వెయ్యరు, అది ఫ్లాగ్ కోడ్‌లోనే ఉన్నది. శవపేటిక మీద కాషాయం తల దిక్కు వచ్చేటట్టు పరుస్తరు, ఆఖరుకు తీసి మడతపెట్టి ఇంటివాళ్ల చేతిలో పెడతరు. మూడోది చితి. మన దగ్గర చాలా ఇండ్లల్లో కాల్చరు, బొంద పెడతరు. ఆయనను ఏం చేసిన్రో అడగకుండ చితిమంటలు రాసినవు.

బొమ్మల విషయం చిన్నది. శవపేటిక ఫోటో వద్దు, రక్తం ఉన్నది అసలే వద్దు. ఆయన బతికున్న ఫోటో ఒక్కటి చాలు.

నీ ప్రతి పన్నెండు పేజీలు ఉన్నది. నాలుగుకు దించు. పై గడి ఉండొద్దని కాదు, వీరగల్లు మీద కూడా ఉంటది, చివరకు రెండు వాక్యాలు చాలు. రెండో ప్రతి నాకు పంపకముందే ఆయన తల్లి దగ్గరికి తీసుకపో. పెత్రమాసకు (పెద్దల అమాసకు) ముందే పో, ఆ రోజు వాళ్లు ఆయన పేరున బియ్యం ఇచ్చుకుంటరు, ఆ పనిలో అడ్డం పడొద్దు. నువ్వే నెమ్మదిగ చదివి వినిపించు. ఆమె 'అట్ల కాదు బిడ్డా' అన్న కాడ పెన్సిల్‌తో గీత పెట్టు, అక్కడ వాదించకు. ఏం మాట్లాడకుండ ఊకున్న కాడ కూడా గీత పెట్టు. గీతలున్న ప్రతినే నాకు పంపు, సాఫు చేసింది వద్దు.

మీ అన్న